పడమటి కిటికీలో గడియారం

మూడు ముళ్ళూ ఇంకా పన్నెండు మీదే ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి దాక్కుని, దణ్ణం పెడుతున్న చేతుల్లా, ఉలుకూ పలుకూ లేకుండా. శేషమ్మ కుర్చీని పడమటి కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరుపుకుంది, పాదాల మీదికి శాలువా లాక్కుంది, కిటికీ గట్టు మీద తాను ఆనించి పెట్టిన గడియారం మొహంలోకి చూస్తూ కూర్చుంది. బయట వీధి దీపం వెలుతురు అద్దం మీద పడి అంకెలు కనీ కనపడకుండా ఉన్నాయి. వెనక ఉత్తరపు గోడకి మేకు ఒక్కటే మిగిలింది. ఆ మేకు కింద దేవుడి అర, అరలో వెంకటేశ్వరస్వామి పటం, పటం చుట్టూ సీరియల్ లైట్లు, పక్కన పగలూ రాత్రీ ఓం నమో నారాయణాయ అంటూ ఉండే చిన్న పెట్టె. లైట్లు ఆర్పేసింది, పెట్టె తీగ పీకేసింది. ఈ గదిలోకి వచ్చిన రోజు నుంచి ఒక్క రాత్రి తప్ప ఆగని జపం ఆగిపోతే చెవుల్లో ఏదో ఖాళీ అయినట్టుంది. స్వామీ, కోపం తెచ్చుకోకు, కాసేపు ఓర్చుకో, దూరాన కొండల్లోంచి ఎవరో ఏదో చెబుతారట, అది ఈ గడియారానికి వినపడాలి, అంతే. వినపడి ఈ ముళ్ళు కదిలితే తన బుర్ర బాగున్నట్టు. కదలకపోతే, ఇవాళ పొద్దున కూతురు కారెక్కించి తీసుకెళ్ళే మతిమరుపు డాక్టరు ఏం చెబితే అదే నిజమైనట్టు. ఏం చేసినా తెల్లారేలోపే. తెల్లారితే దూరపు మాటలు వినపడవు, ఆ సంగతి తనకి తెలుసు, ఎలా తెలుసో కూడా తెలుసు.

ఆ సోమవారం కూడా ఈ గడియారం చూసే బయల్దేరింది. చిన్న ముల్లు మూడు దాటింది, పెద్ద ముల్లు ఆరు దగ్గరికి వస్తోంది, ఇక చెప్పులు వేసుకోవాలి అనుకుంది, వేసుకుంది. మనవరాలు మాయకి ఇష్టమని రెండు జంతికలు చేతిరుమాల్లో చుట్టుకుని మలుపు దగ్గర స్కూలు బస్సు ఆగే చోటికి నడిచింది. ఎండ బాగుంది, గాలి చల్లగా ఉంది, ఎవరింటి ముందో పచ్చపూలు విరగబూశాయి. రోజూ అక్కడ నిలబడే తల్లులు ఒక్కరూ లేరు. అందరికన్నా ముందొచ్చానని సంతోషపడింది కూడాను. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు కూడా చెంపలు వేడెక్కుతున్నాయి. కిండర్‌గార్టెన్ పిల్లల్ని పెద్దవాళ్ళెవరూ ఎదురు రాకపోతే ఇక్కడ బస్సు దింపదు, డ్రైవరమ్మ పిల్లని మళ్ళీ బడికే తీసుకుపోతుంది. బస్సు వచ్చిందీ, తన కోసం హారన్ కొట్టిందీ, మాయని కిందికి దింపకుండా తిప్పి తీసుకుపోయిందీ, అదంతా తను ఇంట్లో చెప్పులు వేసుకోకముందే అయిపోయింది. అది తెలియక తను అక్కడ నిలబడే ఉంది, రోడ్డు చివర పసుపు రంగు కనపడుతుందని. వచ్చింది పసుపు బస్సు కాదు, కూతురు శ్రీవల్లి కారు. మీటింగ్ మధ్యలోంచి లేచి వచ్చిన మొహం, వెనక సీట్లో ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడ్డ మాయ.

"ఏమైపోయావమ్మా? బస్సొచ్చి వెళ్ళిపోయి గంటైంది!"

"ఇంకా నాలుగైనా కాలేదుగా వల్లీ."

"నిన్న టైమ్ మారిందని పొద్దున్నించీ చెప్పాం కదా. మర్చిపోయావా?"

మర్చిపోయావా. ఆ మాటని శ్రీవల్లి కోపంగా అనలేదు, భయంగా అంది. కోపమైతే సర్దుకోవచ్చు. ఈ దేశంలో మార్చి నెలలో ఒక ఆదివారం తెల్లవారేసరికి ఒక గంట ఎటో పోతుంది, మళ్ళీ చలికాలం ముందు ఎవరో తెచ్చి ఇస్తారు. ఆ సంగతి శేషమ్మ మర్చిపోలేదు. అల్లుడు తేజేశ్వర్ చెప్పింది కూడా మర్చిపోలేదు. మీ గడియారం తనంతట తనే మారుతుంది అత్తయ్యగారూ, దానికి కొలరాడో నుంచి రేడియోలో చెబుతారు, మీరు ముట్టుకోకండి అన్నాడు. ముట్టుకోలేదు. నమ్మింది. కానీ ఆ రోడ్డు మీద కూతురి కళ్ళు చూశాక నోరు పెగల్లేదు, ఎందుకంటే ఆ చూపు ఆమెకి తెలుసు, ఆ చూపు ఒకప్పుడు తను చూసిందే, కాలవ లాకుల దగ్గర గట్టు మీద కూర్చున్న అత్తగారి వైపు.

అత్తగారు చివరి రోజుల్లో పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, మూట ఒళ్ళో పెట్టుకుని, కాలవ గట్టు మీద కూర్చునేది. ఎందుకత్తా అంటే ఏలూరు లాంచీ కోసం అనేది. ఆ కాలవలో లాంచీలు తిరగడం మానేసి ఎన్నేళ్ళయిందో, రోడ్డు పడి బస్సులు వచ్చి రేవు మెట్ల మీద నాచు పట్టి పోయింది, అయినా ఆవిడ చెయ్యి నొసటికి అడ్డం పెట్టుకుని వంపు వైపు చూస్తూనే ఉండేది. ఎంత నిబ్బరంగా చూసేదో. వస్తుందమ్మాయ్, ఇవాళ కొంచెం ఆలస్యం అనేది. లోపల్నుంచి చూస్తే పిచ్చి పిచ్చిలా ఉండదేమో, వేళకి వచ్చి నిలబడ్డట్టే ఉంటుందేమో, జంతికలు మూటకట్టుకున్నట్టే ఉంటుందేమో. ఈ పదిరోజులుగా శేషమ్మని నిద్రపోనివ్వకుండా తింటున్నది ఆ ఒక్క ఆలోచనే. ముళ్ళు కదల్లేదు. కిటికీ అవతల చెట్ల వెనక డేటా సెంటర్ల హోరు, ఈ ఆష్‌బర్న్ ఊరంతా తేనెతుట్టె పక్కన కాపురమున్నట్టు, మిగతావాళ్ళకి అలవాటైపోయింది. ఆకాశం ఇంకా నల్లగానే ఉంది. ఉండనీ, ఉండనీ.

సోమవారం సాయంత్రం దీపం పెట్టలేదు. గదిలోకి వచ్చి, ఎవరి మొహమూ చూడలేక, దేవుడి మొహం అసలే చూడలేక, సీరియల్ లైట్ల స్విచ్చి కట్టేసి, జపం పెట్టె కూడా ఆపేసి, గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడు లేచాక గానీ నోరు రాలేదు. నేను గడియారం చూసే వెళ్ళానే వల్లీ అంది. శ్రీవల్లి ఫోను పట్టుకుని గదిలోకి వచ్చింది, గోడ మీది గడియారం పక్కన ఫోను పెట్టి చూసింది, రెండూ ఒక్క నిమిషం తేడా లేకుండా ఒకటే చెబుతున్నాయి. చూడమ్మా, కరెక్ట్‌గానే ఉంది కదా, అని మెల్లగా అంది, చాలా మెల్లగా, రోగి మంచం పక్కన మాట్లాడినట్టు. ఆఫీసు పని మీద బెంటన్‌విల్ వెళ్ళిన తేజేశ్వర్ ఆ సాయంత్రం తిరిగొచ్చి అతనూ చూశాడు. అది ఆటమిక్ క్లాక్ అత్తయ్యగారూ, తప్పు చూపించదు అన్నాడు. పాపం, మంచివాడు, ఆ మాట అంటూ నేల చూపులు చూశాడు. అయితే తప్పు చూపించింది ఎవరు? తన కళ్ళా? చిన్న ముల్లుని పెద్ద ముల్లు అనుకుందా? ఎన్నాళ్ళ తర్వాత, ఎంత కష్టపడి నేర్చుకున్న విద్య, అది కూడా చేజారిపోతోందా?

ఆయన పోయిన తర్వాతే కదా శేషమ్మ బడికి వెళ్ళింది. యాభై దాటిన మనిషి, పలక పట్టుకుని, రాత్రిబడికి. అక్షరాలు చెప్పిన సరోజ టీచరు వయసులో కూతురంత. అట్టముక్క గుండ్రంగా కత్తిరించి, రెండు చీపురుపుల్లలు గుచ్చి గడియారం చేసుకొచ్చింది. చిన్నపుల్ల ఇంటి యజమాని, పెద్దపుల్ల ఇల్లాలు, ఆయన ఒక్క గడి దాటేలోగా ఆవిడ ఇల్లంతా ఒక చుట్టు చుట్టొస్తుంది అని చెబితే ఆడవాళ్ళందరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వులోనే గడియారం వచ్చేసింది శేషమ్మకి. అప్పటిదాకా పొద్దు ఎక్కడుందో చూసుకుని బతికిన మనిషి, మర్నాడు ఊరి సెంటర్లో పోస్టాఫీసు గోడ మీది గడియారం ముందు నిలబడి అది ఎంతైందో పైకి చదివింది, ఎవరూ అడక్కపోయినా. పక్కనున్నాయన అవునమ్మా అంతే అన్నాడు. ఆ మాటకి ఒళ్ళు పులకరించింది. ఇక్కడికి వచ్చాక అన్నీ అంకెల గడియారాలే, పొయ్యి మీద, మైక్రోవేవ్ మీద, ఫోను మీద, ఎర్రగా పచ్చగా అంకెలు. అంకెలు ఎంతైందో చెబుతాయి గానీ ఇంకెంత ఉందో చూపించవు. ముళ్ళ గడియారంలో అయితే మాయ రావడానికి మిగిలిన వేళ కంటికి కనపడుతుంది, చక్రంలో ఆ కాస్త ముక్క, రొట్టెముక్కలాగా. అందుకే అడిగి కొనిపించుకుంది. శ్రీవల్లి కొనడంలో మంచిదే కొంది, తనంతట తనే సరిదిద్దుకునేది. పోయిన చలికాలం మాయకి బళ్ళో ఇంగ్లీషు అక్షరాలు చెబుతుంటే అమ్మమ్మ కూడా పక్కన కూర్చుని నేర్చుకుంది, ఇద్దరూ కలిసి ఇంట్లో ఎక్కడ ఏ అక్షరం కనపడితే అది చదివారు, గడియారం మొహం మీద సన్నగా ఉన్న మాటలతో సహా. ఆర్, ఏ, డి, ఐ, ఓ. "రేడియో, అమ్మమ్మా! క్లాక్‌లో రేడియో ఉందా?" "ఉంటే పాటలు రావాలి కదే." ఇద్దరూ చెవి ఆనించి విన్నారు. పాటలేం రాలేదు.

ఉత్తరపు గోడకి ఎందుకు వేశారంటే ఉమామహేశ్వరి గారు చెప్పింది కాబట్టి. చలికాలం మొదట్లో గృహప్రవేశం నాడు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఇల్లంతా తిరిగి, వాస్తు ప్రకారం ఏది ఎక్కడుండాలో చెప్పిన పెద్దమనిషి ఆవిడ. గడియారం దక్షిణానికి వేస్తే అరిష్టం, ఉత్తరం కుబేరుడి దిక్కు, కళ్ళు మూసుకుని అక్కడ కొట్టించండి వదినా అంది. దేవుడి అర కూడా ఆ గోడకే ఉంది, పూజ వేళకి తలెత్తితే గడియారం కనపడుతుంది, ఇంకేం కావాలి. తేజేశ్వర్ మేకు కొట్టాడు, లైట్లు చుట్టాడు, జపం పెట్టె తగిలించాడు, అందరూ బాగుంది బాగుంది అన్నారు, నిజంగానే బాగుంది. గోడ నిండా వెలుగు. గడియారం చుట్టూ దేవుడు. ఎవరైనా ఏం తప్పు పడతారు?

ముళ్ళు కదల్లేదు. ఇంట్లో ఎక్కడో హీటరు అంటుకున్న చప్పుడు.

ఆ సోమవారం తర్వాత తను చేసిందల్లా లెక్కలోకి వచ్చింది. పాలు పొంగితే శ్రీవల్లి తేజేశ్వర్ వైపు చూస్తుంది. మాయని వల్లీ అని పిలిస్తే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అది పుట్టినప్పటి నుంచీ అలాగే పిలుస్తోంది తను, మొదట తల్లి పేరు వచ్చి తర్వాత పిల్ల పేరు వస్తుంది, దాని మీద ఇంట్లో వేళాకోళాలు కూడా నడిచేవి, ఇప్పుడు ఎవరూ నవ్వరు. పక్కింటి రాగిణి తన పిల్లాడితో పాటు మాయని కూడా బస్సు దగ్గర్నించి తీసుకొస్తోంది. రాగిణి మంచి పిల్లే, గుమ్మం దాకా తెచ్చి దింపి, ఎలా ఉన్నారు ఆంటీ అని గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి అడుగుతుంది, చెవిటివాళ్ళని అడిగినట్టు. మాయ లోపలికి వచ్చి అమ్మమ్మ చెయ్యి పట్టుకోకుండా మెట్లెక్కి పైకి పోతుంది. చలనీ వాననీ చూడకుండా మలుపు దాకా నడిచి, ఆ చిన్న చెయ్యి అందుకుని, దారి పొడుగునా ఉడతల్ని లెక్కపెడుతూ రావడం, అదే కదా ఈ ఊళ్ళో తన ఉద్యోగం. అది పోయింది. పొయ్యి దగ్గరికి కూడా ఒంటరిగా వెళ్ళొద్దని రేపో మాపో అంటారు. అనకపోతే ఆశ్చర్యపోవాలి.

నిన్న సాయంత్రం కార్లో ఆ సంగతి జరక్కపోతే ఇంకా అలాగే కుమిలిపోతూ ఉండేది. కూరగాయలు కొనుక్కుని వస్తున్నారు. తేజేశ్వర్ కారు రేడియోలో మనవాళ్ళ స్టేషనేదో పెట్టాడు, పాత పాట వస్తోంది. డేటా సెంటర్ల పక్కన ఆ పెద్ద పెద్ద కరెంటు టవర్లు ఉంటాయే, ఆ తీగల కిందికి కారు పోయేసరికి పాట పోయి గర్ర్‌మని మోత. తీగలు దాటాక మళ్ళీ పాట. అంతే. కానీ ఆ గర్ర్ వినగానే శేషమ్మ కార్లో లేదు, లాకుల పక్కన లస్కరు క్వార్టర్‌లో ఉంది, పొయ్యి మీద చారు మరుగుతోంది, ఆయన అరుగు మీద నుంచి కేకేస్తున్నాడు. "శేషూ, ఆ ట్యూబులైటు కట్టేయ్, వార్తలు వినపడి చావట్లేదు!" ఆయన కాలవ మీద లాకుల తలుపులు ఎత్తి దించే లస్కరు, పైన ఎంత నీళ్ళు వదిలారో విజయవాడ స్టేషను వార్తల్లో వింటేగానీ అన్నం తినేవాడు కాదు. ట్యూబులైటు వెలిగితే ట్రాన్సిస్టరు గర్ర్‌మనేది, కట్టేస్తే మనిషి గొంతు వచ్చేది. అంతేనా, కిటికీలో దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసేవాడు. దాని మూతి, అంటే పక్క కొస, విజయవాడ వైపు పెడితే మూగబోయేది, తిప్పి పొట్ట చూపిస్తే గొంతు విప్పేది. రేడియోకి కూడా మర్యాద కావాలే, ఎదురుగా తిరిగి వినాలి అనేవాడు నవ్వుతూ. రాత్రిళ్ళు ఎక్కడెక్కడి స్టేషన్లూ వచ్చేవి, తెల్లారితే దూరానివి ఒక్కొక్కటీ జారిపోయి దగ్గరవే మిగిలేవి. కార్లో కూర్చుని ఇవన్నీ తలుచుకుంటూ ఉంటే మాయ గొంతు వినపడింది, పోయిన చలికాలంది, ఆర్, ఏ, డి, ఐ, ఓ. కూరగాయల సంచి ఒళ్ళోంచి జారిపోయింది. ఏమైందమ్మా అని శ్రీవల్లి ముందు సీట్లోంచి కంగారుగా తిరిగింది. ఏం లేదు, దోసకాయ దొర్లింది అంది శేషమ్మ.

గడియారం రేడియో. దాని కింద ట్యూబులైటుకి తాతలాంటి లైట్లు, పక్కన ఆగని పెట్టె. దాని మూతి కొలరాడో వైపు. ఉత్తరపు గోడకి వేలాడుతుంటే మొహం దక్షిణానికి, ఒక పక్క తూర్పుకి, ఒక పక్క పడమరకి. కొలరాడో పడమట కదా, తేజేశ్వర్ చెయ్యి చాచి చూపించాడు, అటు, చాలా దూరం, కొండల దగ్గర అని. పాపం అది ఎన్నాళ్ళుగా చెవిలో జపం హోరుతో, పెడమొహం పెట్టి, ఎవరేమంటున్నారో తెలియక, పాత వేళనే పట్టుకుని నడుస్తోందో. ఆదివారం గంట పోయిందని కొలరాడో చెప్పే ఉంటుంది, దీనికి వినపడలేదు. మరి మంగళవారం ఎలా సరిగ్గా ఉంది? ఆ ప్రశ్న దగ్గర లెక్కంతా కూలిపోబోయింది, ఆ వెంటనే జవాబు వచ్చి కూర్చుంది. సోమవారం రాత్రి లైట్లు ఆర్పింది తనే. పెట్టె ఆపింది తనే. ఏడుస్తూ పడుకున్న ఆ ఒక్క రాత్రి గది నిశ్శబ్దమైంది, పెడమొహం పెట్టినా సరే ఆ కాస్త మాట వినపడింది, తను కళ్ళు తుడుచుకుంటుంటే గోడ మీద అది చప్పుడు చేయకుండా తనని తను దిద్దుకుంది. తనకి సాక్ష్యం చెప్పాల్సిన గడియారం తెల్లారేసరికి మాట మార్చేసి మంచిపిల్లలా నిలబడింది. దొంగమొహంది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు, అవునమ్మా అంటారు, మెల్లగా. అందుకని నిన్న పడుకోబోయే ముందు గడియారం దింపి, బ్యాటరీ తీసి, మళ్ళీ పెట్టింది. ముళ్ళు గిరగిరా తిరిగి పన్నెండు మీద నిలబడి చెవులు రిక్కించుకున్నాయి. మళ్ళీ అదే మేకుకి, అదే లైట్ల మీద, అదే జపం పక్కన తగిలించి పడుకుంది. తెల్లవారుజామున లేచి చూస్తే పన్నెండే. ఒక్క మాట కూడా వినలేదది. సగం పని అయింది. అప్పుడు అన్నీ ఆర్పి, బ్యాటరీ తీసి మళ్ళీ పెట్టి, పడమటి కిటికీలో పక్క కొస కాకుండా వెడల్పు వైపు సరిగ్గా కొలరాడోకి ఎదురుగా తిప్పి, ఆయన ట్రాన్సిస్టరుని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి, ఇదుగో, కాచుకుని ఉంది. ఆకాశం అంచున నలుపు పలచబడుతోందా? లేదు, అది పక్కింటి గ్యారేజీ లైటు. కదలవే తల్లీ. నీకు దండం పెడతాను. నువ్వు నా ఒక్కదాని గడియారానివి, నీ మొహం చదవడానికి నేనెంత దూరం నడిచి వచ్చానో నీకు తెలియదు.

గది తలుపు తెరుచుకుంది. శ్రీవల్లి, జుట్టు ముడి జారిపోయి, చేతిలో ఫోను వెలుగుతో. చీకట్లో, మంచం ఖాళీగా, తల్లి కిటికీ ముందు కుర్చీలో గడియారానికి ఎదురుగా కూర్చుని ఉండటం చూసి అక్కడే ఆగిపోయింది.

"అమ్మా... ఏం చేస్తున్నావు?"

"కొలరాడో కోసం చూస్తున్నానే."

అనేశాక తెలిసింది ఆ మాట ఎలా వినపడుతుందో. లాంచీ కోసం చూస్తున్నానమ్మాయ్. శ్రీవల్లి మొహం ఆ ఫోను వెలుగులో ముక్కలైపోయింది. దగ్గరికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, తల్లి చేతులు రెండూ పట్టుకుంది.

"చల్లగా అయిపోయావు. పడుకో అమ్మా. పొద్దున డాక్టర్ దగ్గరికి వెళ్దాం కదా, అన్నీ చెబుదాం."

"చెబుదువుగాని. ముందా ఫోను పట్టుకెళ్ళి వంటింట్లో పెట్టిరా."

"ఎందుకు?"

"నీ ఫోను కూడా గొడవ చేస్తుందేమో, నాకేం తెలుసు. పెట్టొచ్చి నా పక్కన కూర్చో. మాట్లాడకు. ఒక్క మాట మాట్లాడావంటే ఊరుకోను."

శ్రీవల్లి ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. ఎక్కాలు తప్పు చెబితే గరిటె ఎత్తిన తల్లి గొంతు, ఎక్కాలు రాకపోయినా తప్పు పట్టుకోగలిగిన తల్లి గొంతు. లేచి వెళ్ళి ఫోను పెట్టొచ్చింది, చాప మీద కూర్చుని తల్లి మోకాలికి తల ఆనించింది. ఏడుస్తోంది కూడా, భుజాలు కదులుతున్నాయి. శేషమ్మ ఆ తల మీద చెయ్యి వేసింది గానీ కళ్ళు గడియారం మీంచి తీయలేదు. ఇప్పుడు నిజంగానే చెట్ల కొనల మీద నలుపు విరిగి బూడిదరంగు వస్తోంది. ఒక పిట్ట అరిచింది. ఆయన ట్రాన్సిస్టరులో దూరపు గొంతులు ఈ వేళకే కదా సన్నబడేవి, నీళ్ళలో కలిసిపోయినట్టు. కానీ తెల్లారడం తూర్పు నుంచి కదా వస్తుంది. పడమట కొండల్లో ఇంకా చీకటేగా? అక్కడ రాత్రి ఇంకా మిగిలే ఉంటుంది, అక్కడ మాట్లాడేవాళ్ళు ఇంకా మాట్లాడుతూనే ఉంటారు, అటు చివర చీకటి ఉన్నంత వరకూ ఆశ ఉంది, కానియ్యి, కానియ్యి, చెవి అటు పెట్టు, నిన్నెవరూ ఇప్పుడు గోల చేయడం లేదు, దేవుణ్ణి కూడా ఊరుకోమన్నాను.

సెకన్ల ముల్లు వణికింది.

ఊరికే వెలుతురు మారిందేమో. కాదు. మళ్ళీ వణికింది, ఒక గీత జరిగింది, ఇంకో గీత, అంతలో అది గీతలు లెక్కపెట్టడం మానేసి పరుగెత్తింది, దాని వెంట పెద్ద ముల్లు ఎవరో తరుముతున్నట్టు ఒకటి దాటి, రెండు దాటి, ఒక చుట్టు చుట్టి, ఇల్లాలు ఇల్లంతా ఊడ్చి మళ్ళీ ఊడ్చినట్టు ఇంకో చుట్టు, ఆ వెనక యజమాని కూడా తన జీవితంలో ఎప్పుడూ నడవనంత వేగంగా, ఒకటి, రెండు, మూడు, గిర్రున, చిన్న గిరక చప్పుడుతో, ఆ చప్పుడు శేషమ్మకి మేళంలా వినపడింది, నాలుగు, ఐదు, శ్రీవల్లి తల ఎత్తి నోరు తెరిచి చూస్తోంది, ఆరు దాటింది, తగ్గింది, జాగ్రత్తగా, మెట్లు దిగే మనిషిలా అడుగులో అడుగు వేసి, ఆగింది. ఆగి, ఏమీ జరగనట్టు, టిక్కు టిక్కుమని నడక మొదలుపెట్టింది.

"పో! ఫోను తే! తెచ్చి చూడు!"

శ్రీవల్లి పరుగెత్తింది, ఫోను తెచ్చింది, గడియారం పక్కన పెట్టింది. కాసేపు దాన్నీ దీన్నీ చూసింది. ఆ తర్వాత ఆర్పిన లైట్ల వైపు, పీకి పడేసిన జపం పెట్టె తీగ వైపు, గోడ మీది ఖాళీ మేకు వైపు చూసింది. ఒక్కొక్కటీ కూతురి మొహంలో పడి అర్థమవుతూ ఉంటే శేషమ్మ ఆ మొహాన్ని చదివింది, సరోజ టీచరు అట్టగడియారాన్ని చదివినంత సులువుగా.

"సోమవారం రాత్రి... నువ్వు ఇవన్నీ ఆర్పేశావు."

"ఆర్పేశాను."

"అందుకే మంగళవారం కరెక్ట్‌గా ఉంది! అమ్మా! నువ్వు చెబుతూనే ఉన్నావు గడియారం చూశానని!" ఏడుస్తూ నవ్వుతూ మెడ కౌగిలించుకుని ఊపేసింది. ఆ అరుపులకి తేజేశ్వర్ మెట్ల మీంచి దూసుకొచ్చాడు, అత్తగారికి ఏమైందోనని, ఒక కాలికే చెప్పుతో. ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి చెప్పేసరికి మొదట ఏమీ అర్థం కాలేదు, అర్థమయ్యాక నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కుర్చీ ముందే కూలబడ్డాడు.

"ఇంటర్‌ఫియరెన్స్! నేనే కదండీ ఆ లైట్లు చుట్టింది. పైగా యాంటెన్నా మూతి సరిగ్గా పడమరకి పెట్టి వేలాడదీశాను. ఇదంతా ఎలా పట్టుకున్నారు అత్తయ్యగారూ?"

"మీ మామగారు ట్రాన్సిస్టరు తిప్పేవారు బాబూ. నేను చారు కాస్తూ చూస్తూండేదాన్ని. దానికి ఎదురుగా తిరిగి వినాలి."

"మరి ఉమామహేశ్వరి ఆంటీ ఉత్తరం అన్నారే?"

"కుబేరుడికి చెవుడని చెప్పు ఆవిడకి. తూర్పు గోడకి కొడదాం మేకు, తూర్పు కూడా మంచిదేగా, ఆవిడా ఏమీ అనదు. స్వామికి నూనె దీపం పెడతాను, ఆ లైట్లు క్రిస్మస్‌కి బయట చెట్టుకి కట్టుకోండి."

"డాక్టర్ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసేస్తానమ్మా ఇప్పుడే" అంది శ్రీవల్లి ముక్కు తుడుచుకుంటూ.

"ఎందుకూ? వెళ్దాం. బీపీ చూపించుకుని చాలా రోజులైంది. ఏమడుగుతాడో అడగనీ." ఆ మాట అంటూంటే తనకే వింతగా ఉంది, పది రోజులుగా ఆ డాక్టరు మాటెత్తితే లేచి పక్క గదిలోకి పోయేది, ఇప్పుడు పేరంటానికి వెళ్తున్నట్టుంది, ఏ చీర కట్టుకోవాలా అని కూడా ఒక పక్క ఆలోచన నడుస్తోంది. ఒంటి మీద బరువేదో దిగిపోయి, కాళ్ళు తిమ్మిరెక్కినా సరే లేచి నిలబడితే పాదాల కింద నేల గట్టిగా తగిలింది. తను గట్టు మీద కూర్చున్న మనిషి కాదు. తను చూసిన వేళ తను చూసిన వేళే. ఎంతమంది మెల్లగా మాట్లాడినా, ఎన్ని ఫోన్లు పక్కన పెట్టి చూపించినా, ఆ సోమవారం చిన్న ముల్లు మూడు దాటే ఉంది, పెద్ద ముల్లు ఆరు దగ్గరికి వస్తూనే ఉంది, తను సరిగ్గానే చదివింది. చదువు ఎక్కడికీ పోలేదు.

గుమ్మంలో మాయ, పైజమా ఒక కాలు పైకి, ఒక కాలు కిందికి, కళ్ళు నులుముకుంటూ. "వై ఈజ్ ఎవ్రీబడీ షౌటింగ్? అమ్మమ్మా, నువ్వు ఏడుస్తున్నావ్?"

"నేనెందుకు ఏడుస్తానే. మీ అమ్మ ఏడుస్తోంది. వల్లీ, ఇలా రా... మాయా, ఇలా రా." ఈసారి అందరూ నవ్వారు, శ్రీవల్లి అందరికన్నా గట్టిగా. "ఇవాళ బస్సు దగ్గరికి ఎవరు రావాలి చెప్పు?"

మాయ తల్లి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది, జాగ్రత్తగా అంది. "రాగిణి ఆంటీ?"

"కాదు. ఆ ఫోను ఇలా ఇయ్యవే వల్లీ. రాగిణికి కలుపు."

"ఇప్పుడా! అమ్మా, పడుకునుంటుంది, నేను మెసేజ్ పెడతాలే..."

"మెసేజ్ కాదు, నేనే చెప్పాలి. కలుపు."

శ్రీవల్లి కలిపింది. అటు చాలాసేపు మోగింది. శేషమ్మ ఫోను చెవికి ఆనించుకుని, మరో చేత్తో మాయ భుజం పట్టుకుని, కిటికీలో గడియారం వైపు తిరిగి నిలబడింది. చివరికి రాగిణి నిద్రగొంతు, హలో, ఏమైంది, అంతా బాగానే ఉన్నారా అని.

"రాగిణీ, నేనమ్మా, శేషమ్మ ఆంటీని. ఇన్నాళ్ళూ మా పిల్లని తెచ్చావు, నీ మేలు మర్చిపోను. ఇవాళ్టి నుంచి బస్సు దగ్గరికి నేనే వస్తాను."

"ఓకే ఆంటీ, అలాగే, కానీ... ఇప్పుడు టైమెంతో తెలుసా మీకు?"

శేషమ్మ కళ్ళు చికిలించలేదు, ఎవరినీ అడగలేదు, ముళ్ళ వైపు ఒక్క చూపు చూసింది.

"ఆరూ ముప్పై ఏడు" అంది, ఇల్లంతా వినపడేలా. "నిమిషం అటూ లేదు, ఇటూ లేదు."